కిరాయి పాటలు, చిప్పుల పాటలు

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న ఆదివారం మీ పేపర్ల ఒక వ్యాసం వచ్చింది గదా, ఇగ పాటలు దాచిపెట్టుకునుడు పాత ముచ్చట, నెలకు వంద చిల్లర కడితె దునియల ఉన్న పాటలన్ని జేబులనే అని, అది చదివి రెండు రోజులు ఊకున్న, మూడో రోజు నాతోని కాలె, అందుకే రాస్తున్న. నేను దేవరకొండ దిక్కు మైక్ సెట్టు నడుపుత. మా నాయిన 1986ల రెండు గొట్టాలు, ఒక ఆంప్లిఫయర్ తోని షురువు చేసిండు, ఇప్పుడు నా దగ్గర ఎనిమిది బాక్సులు, ఒక మిక్సరు, ఒక జనరేటరు ఉన్నయి. లగ్గం, పుట్టెంటికలు, బోనాలు, బతుకమ్మ, దినాలు, ఎలక్షన్లు, ఏదున్నా మా బండి పోవాల్సిందే. పాట నాకు టైంపాస్ కాదు సార్, దాని మీదనే ఇల్లు నడుస్తది.

ఆ వ్యాసం రాసినాయన హైదరాబాద్‌ల ఉంటడు కావచ్చు, ఆయనకు సిగ్నల్ అంటే నల్లా నీళ్ళ లెక్క, తిప్పంగనె వస్తది. మా దిక్కు అట్ల కాదు. పోయిన ఎండకాలం చందంపేట అవుతల ఒక తండల లగ్గం పట్టుకున్నం. నా మేనల్లుడు ఈ మధ్యనే నాతోని పనికి వస్తుండు, పోరడు హుషారు, "మామా ఇంక ఆ పెన్ డ్రైవులు ఏందే, ట్యాబ్‌ల అన్ని డౌన్‌లోడ్ కొట్టి పెట్టిన, నెట్ లేకున్నా మోగుతయ్" అన్నడు. ట్యాబ్‌ల సిమ్ము లేదు, సీజన్ మొదలైనప్పుడు మా ఇంట్ల వైఫై మీద ఎక్కించిండు, మళ్ల దాన్ని నెట్ కాడికి తెచ్చింది లేదు. బరాత్ షురువైంది, బాక్సులు ఆన్ చేసి ట్యాబ్ పట్టుకున్నడు, ఒక్క పాట మోగదు. నెట్‌కు కనెక్ట్ చెయ్యిమని రాసి ఉన్నది. నెట్ ఆడ ఏడిది సార్, ఫోన్ మాట్లాడాలంటెనే గుట్ట మీదికి పోవాలె! డ్యాన్స్ చేద్దామని నడుముకు తువ్వాలలు కట్టుకున్నోళ్ళు అట్లనే నిలబడ్డరు, పిల్ల తరుపు పెద్దమనిషి నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. అప్పుడు నేను టూల్ డబ్బల పట్కారు కింద, ఇన్సులేషన్ టేపు పక్కన, ఎప్పటి సందో పడి ఉన్న 16 జీబీ పెన్ డ్రైవు తీసి మిక్సర్‌కు పెట్టిన, అండ్ల మూడు వేల పాటలు ఉన్నయి, తెల్లారే దాంక మోగినయి. మేనల్లుడు ఆ రాత్రి నాతోని ఎక్వ మాట్లాడలె.

తర్వాత హైదరాబాద్‌ల ఉండే మా కొడుకును అడిగిన, గిదేందిరా డౌన్‌లోడ్ అంటె మన దగ్గరికి వచ్చినట్టే గదా అని. వాడు చెప్పిండు, నాయినా అది పేరుకే డౌన్‌లోడ్, పాట మన ఫోన్లనే ఉంటది గని తాళం ఏసి ఉంటది, ఆ యాపే తియ్యాలె, వేరే దాంట్ల పెడితె మోగదు, పెన్ డ్రైవులకు ఎక్కదు, నెలకు ఒక్కసారన్నా నెట్ చూపియ్యకపోతె ఆ యాపు కూడ తియ్యదు, ఎందుకంటే నువ్వు పైసలు కడుతున్నవా లేదా అని అది చూసుకోవాలె గదా అన్నడు. ఇంకో ముచ్చట చెప్పిండు, అమెరికల కాలిఫోర్నియా రాష్ట్రంల దీని మీద చట్టమే తెచ్చిండ్రంట, 2025 జనవరి 1 సంది అమల్ల ఉన్నది. పాటగాని సినిమాగాని గేమ్‌గాని ఆన్‌లైన్‌ల అమ్మేటోడు, అది ఎప్పుడైనా వాపస్ గుంజుకునే లెక్కనైతె, ఊకె "కొను" అని బటన్ పెట్టొద్దు, ఇది లైసెన్స్ మాత్రమే అని కొనేటోనికి తెలిసేటట్టు చెప్పాలె. అదే ఒకసారి దించుకుంటె ఎప్పటికీ మనదే అయ్యే ఫైలుకైతె ఆ రూలు లేదు. అంటే ఆడ సర్కారే ఒప్పుకున్నది, రెండూ ఒకటి కాదని. మన దగ్గర ఆ తేడా చెప్పే దిక్కు లేదు, మైక్ సెట్టోడు పేపర్‌కు రాసుకోవాల్సి వస్తుంది.

పైసలు కట్టనోళ్ళ కథ ఇంకో తీరు. మా పక్క ఊర్లె ఒక ముసలాయన పోయిండు, దినాల నాడు వాళ్ళ మనుమడే ఇంట్ల స్పీకర్‌కు ఫోన్ కలిపి తత్వాలు పెట్టిండు, నన్ను పిలువలె, బాక్సులెందుకు దండగ అనుకున్నరేమో, సరే వాళ్ళిష్టం. భోజనాలకు పిలిస్తె పోయిన. తత్వం నడుస్తుంటె నడుమల ఒక్కసారే ఒక ఆడపిల్ల గొంతు, లోన్ కావాల్నా, ఐదు నిమిషాలల్ల అకౌంట్‌ల పైసలు అని. ముసలాయనకు బాకీలు ఉండెనంట, అక్కడ కూసున్నోళ్ళల్ల ఇద్దరు బాకీ ఇచ్చినోళ్ళే. నవ్వాల్నో ఏడ్వాల్నో ఎవ్వరికి తెల్వలె.

ఇగ యాపుల ఆయుష్షు సంగతి చూడుండ్రి. ఫ్లిప్‌కార్ట్ వాళ్ళు 2012ల ఫ్లైట్ అని పాటలు అమ్మే దుకాణం తెరిచిండ్రు, ఎంపీ3 ఫైలే ఇస్తుండె, మంచి పనే, 2013ల మూసేసిండ్రు. కొన్నోళ్ళు ఫైలు దించుకొని ఉంటె ఆ పాట ఇయ్యాల్టికీ మోగుతది, దుకాణం పోయినా పాట పోలె, అది మతికి పెట్టుకోండ్రి. గూగుల్ ప్లే మ్యూజిక్ అని ఒకటి ఉండె, మన పాటలే 50 వేల దాంక అండ్ల పెట్టుకోనిచ్చిండ్రు, 2020ల అదీ బంద్ చేసి యూట్యూబ్ మ్యూజిక్‌కు పొమ్మన్నరు. గానా వాళ్ళు 2022ల ఫ్రీగ వినుడు ఎత్తేసిండ్రు. రెస్సో 2024 జనవరిల పోయింది. ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్ 2014ల వచ్చి 2024ల పోయింది, పదేండ్లు. పదేండ్లల్ల ఒక మనిషి ఎన్ని పాటలు పేర్చుకుంటడు, పిల్ల పుట్టినప్పుడు విన్నయి, అమ్మ పోయినప్పుడు విన్నయి, లారీ నడుపుకుంట రాత్రంత విన్నయి. యాపు మూతబడ్డంక ఆ లిస్టు ఎవ్వని దగ్గర అడగాలె? యాపు ఉన్నా పాట ఉంటదని లేదు మళ్ల. 2019ల స్పాటిఫై అనే పాటల యాపు మన దేశంల అడుగు పెట్టినప్పుడే, పాత పాటల హక్కులున్న సారెగామా కంపెని తోని కోర్టు దాంక పోయింది, 2020ల రాజీ కుదిరే దాంక ఆ పాత పాటలు అండ్ల లేవు. 2023 మార్చిల జీ మ్యూజిక్ తోని లైసెన్స్ తెగలేదని వాళ్ళ పాటలు మాయమైనయి. వాళ్ళు వాళ్ళు కొట్లాడుకుంటరు, రాజీ పడతరు, మనకు మాత్రం నిన్న మోగిన పాట ఇయ్యాల బూడిద రంగుల కనబడతది, నొక్కితె పలుకదు. మునుపు దుకాణపోనికి కంపెనోనికి పంచాయితీ అయితె మన ఇంటికొచ్చి క్యాసెట్ గుంజుకపోయేటోడా?

ఇగ్గో ఈడ నా మాట కూడ నిజం చెప్పాలె. మా దగ్గర చిప్పుల కాలం ఒకటి నడిచింది, చిప్పు అంటె ఫోన్ల పెట్టే మెమరీ కార్డు, 2008 నుంచి ఆరేడేండ్లు అనుకోండ్రి, బస్టాండ్ల కాడ మొబైల్ షాపులల్ల ఇరువై రూపాయలిస్తె రెండు జీబీ చిప్పు నిండ పాటలు ఎక్కిస్తుండె. లెక్క జెప్పాలంటె, 128 కేబీపీఎస్ (అంటె సెకనుకు ఎంత డేటా అనే లెక్క) ఎంపీ3 అయితె నిమిషానికి ఒక ఎంబీ పడతది, ఐదు నిమిషాల పాటకు ఐదు ఎంబీ, రెండు జీబీ అంటే నాలుగు వందల పాటలు. అదే పాట సీడీల ఉన్నది ఉన్నట్టు ఉంచితె యాభై ఎంబీ. జర్మనోళ్ళు, ఫ్రాన్‌హోఫర్ అనే సంస్థల, మనిషి చెవికి వినబడని ముక్కలు తీసేసి ఇట్ల చిన్నగ చేసే లెక్క కనిపెట్టిండ్రు, 1995ల దానికి ఎంపీ3 అని పేరు పెట్టిండ్రు, వాళ్ళకు ఎన్కట తెలిసి ఉండదు గని వాళ్ళ పుణ్యాన పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు పనికి పోయినోళ్ళు చిన్న ఫోన్ల ఊరి పాటలు ఏసుకొని పోయిండ్రు. కని ఆ చిప్పుల పాటలన్ని దొంగ పాటలే సార్. పాడినోనికి పైస పోలె, రాసినోనికి పోలె, డప్పు కొట్టినోనికి అసలే పోలె. నేను కూడ ఎక్కించుకున్న, నా పెన్ డ్రైవుల సగం అవ్వే ఉంటయ్, దాసుకునుడెందుకు. అందుకే యాపులన్ని ఖరాబు అని నేను అనను. ఇప్పుడు మా జిల్లా పిల్లలు ఫోక్ సాంగ్ ఒకటి చేసి యూట్యూబ్‌ల పెడితె దుబాయ్‌ల ఉన్నోళ్ళు కూడ చూస్తున్నరు, ఎంతో కొంత పైసలొస్తున్నయి, చిప్పుల కాలంల అది లేదు. మా కొడుకు కట్టే ప్లాన్‌ల నేను కూడ ఉన్న, కొత్త పాట ఏదైనా వస్తె మొదలు అండ్లనే వింట, పిల్లలు ఏం అడుగుతరో తెలుసుకోవాలె గదా.

నా బాధ ఎక్కడంటె, ఆ పది కోట్ల పాటలల్ల మా పాటలు లేవు. స్పాటిఫై వాళ్ళు పది కోట్ల పైన పాటలున్నయని చెప్పుకుంటరు. ఉండొచ్చు. మా నాయిన దాసిన క్యాసెట్లు మూడు వందల నలభై ఉన్నయి, వాటిల సినిమా పాటలు ఒక సగం, అవి యాడైనా దొరుకుతయి, వాటి గురించి నాకు రంధి లేదు. మిగిలిన సగంల ఏమున్నయంటె, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర కాడ మా నాయిన మైకు పెట్టినప్పుడు రికార్డ్ చేసిన ఒగ్గు కథ ఉన్నది, రెండేండ్లకోసారి వచ్చే జాతర అది, ఆ చెప్పినాయన లేడు ఇప్పుడు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళ మీద పిల్లలు కట్టి పాడిన పాటలు ఉన్నయి, గొంతులు సరిగ లేవు, డప్పు మీద పాట మునిగిపోతది, అయినా ఆ కాలంల కాళ్ళు వంకర పోయిన పిల్లలను చూసినోళ్ళకు ఆ పాట ఏందో తెలుస్తది. శారద కథలు ఉన్నయి, తండల ఆడోళ్ళు తీజ్ పండుగకు పాడినయి ఉన్నయి, సర్పంచ్ ఎలక్షన్ల పాటలు కూడ ఉన్నయి, గెలిచినాయన ఓడినాయన ఇద్దరికి ఒకే బాణీ! ఏ యాపుల ఎవడు పెడతడు ఇవి?

అవ్వన్ని కంప్యూటర్‌ల ఎక్కిద్దామని కూసున్న. తరీక పెద్దదేం కాదు, టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ సందు నుంచి కంప్యూటర్‌కు రెండు దిక్కులా పిన్నున్న ఒక వైరు పెట్టాలె, ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, రికార్డ్ కొట్టాలె. ఫైలు కాపీ చేసినట్టు గదగద కాదు, అరవై నిమిషాల క్యాసెట్‌కు అరవై నిమిషాలు కూసోవాలె, గంటల లెక్క చూస్తె మూడు వందల నలభై గంటలు, సీజన్ లేనప్పుడు రోజుకు రెండు చొప్పున చేసిన, ఇంకా వంద దాంక ఉన్నయి. కొన్నింటికి బూజు పట్టింది, కొన్ని టేపు రీలు గుంజుకొని చుట్టుకపోయినయ్, పెన్సిల్ పెట్టి తిప్పుకుంట కూసుంటె మా ఇంటామె "ఈయనకు ఏ పని లేదు" అని పోయేటోళ్ళకు వచ్చేటోళ్ళకు చెప్పింది. మల్ల ఆమెనే ఒకనాడు వంటింట్లకెంచి వచ్చి నిలబడ్డది. అప్పుడు మోగుతున్నది క్యాసెట్ కూడ కాదు, 2009ల నా పాత నోకియా ఫోన్ల మా నాయినమ్మ బతుకమ్మ పాట పాడుతుంటె ఊకనే రికార్డ్ చేసిన, ఏఎంఆర్ అని ఒక ఫైలు, అర ఎంబీ కూడ లేదు, గొంతు డబ్బల నుంచి వచ్చినట్టు వస్తది, ఎన్కకు కోళ్ళు అరుస్తుంటయ్, నడుమల పాట ఆపి "కుక్క వచ్చింది చూడురా" అంటది. ఆ పాట మా ఊర్లె పాడే తీరు పక్క ఊర్లె పాడరు, మాటలు వేరే, ఉయ్యాల ఆడ కాదు ఈడ వస్తది. ఆమె 2012ల పోయింది. ఇప్పుడు మా ఊర్లె ఆ పాట మొత్తం వచ్చినోళ్ళు ఇద్దరే ఉన్నరు, మిగిలినోళ్ళు బాక్సులల్ల వచ్చే డీజే బతుకమ్మకు చప్పట్లు కొడుతున్నరు. ఆ డీజే పెట్టేది నేనే, తప్పు నాదే, ఏం చేద్దాం, అడుగుతరు.

ఫైలు మన దగ్గర ఉంటె ఏ రంధి ఉండదని నేను అనను, నా దగ్గర జరిగిందే చెప్త. 2016ల ఒక హార్డ్ డిస్క్ బండిల నుంచి కింద పడ్డది, అంతే, పెడితె టిక్కు టిక్కుమంటది గని తెరుచుకోదు, హైదరాబాద్‌ల అడిగితె పది వేల పైన చెప్పిండ్రు, అప్పుడు నా దగ్గర లేవు. అండ్ల పోయిన పాటలు కొన్ని మల్ల దొరకలె. అప్పటి సంది రెండు డిస్కులు, ఒకటి నా దగ్గర, ఒకటి మా చెల్లె ఇంట్ల మిర్యాలగూడల, ఆర్నెల్లకోసారి కలుపుకుంటం. కొడుకు ఇంకోటి ఆన్‌లైన్‌ల పెడత అన్నడు, పెట్టుకోనీ, అది కూడ ఉండనీ. యాపు అయితె ఈ లొల్లి లేదంటరు, నిజమే, కాని అండ్ల పోయిన రోజు మన చేతుల ఏముండదు, ఈడ తప్పు నాది, బుద్ధి కూడ నాకే వచ్చింది.

కొందరు పిల్లలు నా దగ్గరికి వచ్చి 320 కేబీపీఎస్ కావాలె, ఫ్లాక్ (అంటె ఏ ముక్క తీసెయ్యకుండ దాసే ఫైలు) కావాలె, ఎంపీ3ల దమ్ముండదు అంటరు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకొని అర్ధరాత్రి వినేటోనికి తేడా తెలుస్తదేమో, గుడి మీది గొట్టంల 128కు ఫ్లాక్‌కు తేడా చెప్పినోనికి నేను ఒక సీజన్ ఫ్రీగ మైకు పెడత. కాని క్యాసెట్ నుంచి ఎక్కించేటప్పుడు మాత్రం ఫ్లాక్‌లనే దాసుకోండ్రి, దాని కెంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3ల పోయిన ముక్కలు ఎన్కకు రావు.

ఇగ కంపెనోళ్ళకు ఒక్క ముచ్చట, మీ పేపర్ ద్వార. మాకు పాటలు అమ్ముండ్రి. కిరాయికి కాదు, అమ్ముండ్రి. ఆపిల్ వాళ్ళు అమెరికల 2003లనే ఒక్క పాట 99 సెంట్లకు అమ్మిండ్రు, మొదట్ల తాళం ఏసి ఇచ్చిండ్రు, 2009 దాంక ఆ తాళం కూడ తీసేసిండ్రు, 2012ల ఆ దుకాణం మన దేశంల కూడ తెరిచిండ్రు. కాని మా ఊర్లె ఐఫోన్లు ఎన్ని, ఆ దుకాణం ఉందని తెలిసినోళ్ళు ఎంతమంది? మన తెలుగు ఆడియో కంపెనోళ్ళు వాళ్ళ పేజీలనే పది రూపాయలకు ఒక పాట, యూపీఐ కొట్టు, ఫైలు దించుకో, నీది, అని పెడితె ఏం పోతది? నేను మొదలు ఐదు వందల పాటలు కొంట, రాసిపెట్టుకోండ్రి, ఐదు వేల రూపాయలు. దొంగ పాటలన్ని తుడిచేస్త. ఫోక్ పాడే పిల్లలకైతె ఇంకా చెప్త, యూట్యూబ్ ఒక్కదాని మీదనే ఉండకండ్రి, పాట ఫైలు అమ్ముండ్రి, మైక్ సెట్టోళ్ళం జిల్లాకు ఎంతమంది ఉన్నమో మీకు తెలుసు.

లైసెన్స్ అని మా వెంట పడేటోళ్ళు కూడ ఉన్నరు, ఫంక్షన్ హాళ్ళ కాడికి వచ్చి పెండ్లికి పాటలు పెడితె పైసలు కట్టాలంటరు. కాపీరైట్ చట్టం 1957ది, 52వ సెక్షన్‌ల ఉన్నది, దైవ కార్యాలకు, సర్కారు కార్యక్రమాలకు రికార్డు పాట పెడితె అది తప్పు కిందికి రాదు, పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన వేడుకలు కూడ అండ్లనే వస్తయి, 2023 జూలైల కేంద్రం నోటీసు కూడ ఇచ్చింది. హాల్ ఓనర్లు, మైక్ సెట్టోళ్ళు ఆ నోటీసు కాగితం ఒకటి దగ్గర పెట్టుకుంటె మంచిది. కాని ఇండ్ల ఒక మెలిక ఉన్నది, చట్టం ఒప్పుకున్నా యాపోళ్ళు ఒప్పుకోరు, వాళ్ళ షరతులల్ల ఇది నీ సొంతానికే, వ్యాపారానికి కాదు అని రాసి ఉంటది. అంటే నెలనెల పైసలు కట్టి, సర్కారు తప్పు కాదన్న పాటను, పెండ్లిల మోగిస్తె యాపోడు అకౌంట్ బంద్ చెయ్యొచ్చు. మేనల్లునికి ఇది చెప్తె "అయితె మల్ల పెన్ డ్రైవేనా మామా" అన్నడు. పోయిన వారం సొంతంగ 64 జీబీది కొనుక్కున్నడు.

ఎడిటర్ గారు, జాగ ఉంటె ఈ కింది ముక్క మాత్రం కట్ చెయ్యకుండ్రి. నల్లగొండ, పాలమూరు రెండు పాత జిల్లాలల్ల ఎవరి ఇండ్లల్లనన్న పాత క్యాసెట్లు ఉంటె, సినిమా పాటలయి కాదు, చేతితోని పేర్లు రాసినయి, జాతరలయి, భజన మండలివి, మీ ఊరి ఆడోళ్ళ పాటలయి, అటువంటివి ఉంటె తూకానికి ఎయ్యకండ్రి. ఈ ఉత్తరం చదివి మీ పేపర్ ఆఫీస్‌కు రెండు అక్షరాలు రాస్తె వాళ్ళు నాకు పంపుతరు, నేనే వచ్చి తీస్కపోత, ఎక్కించినంక క్యాసెట్టు, పాట రెండూ మీ ఇంటికి తెచ్చిస్త, పైసలేం వద్దు. నేను వచ్చే దాంక వాటిని ఎండల పెట్టకండ్రి, టీవీ మీద, స్పీకర్ బాక్సుల మీద అసలే పెట్టకండ్రి, అండ్ల అయస్కాంతం ఉంటది, పాట చెరిగిపోతది.

ఇట్లు,
ఒక మైక్ సెట్టాయన,
దేవరకొండ దిక్కు, నల్లగొండ జిల్లా